మూడో మాలకల్లా నూనె పోతుంది

3 నవంబరు 2007, శనివారం. గద్వాల.

నూనె డబ్బా వాపసు పంపానని ఇంట్లో గొడవ. నేను వాపసు పంపలేదు. మళ్లీ తెమ్మన్నాను. ఆ రెండింటికీ తేడా ఉంది.

పదకొండింటికి ట్రాన్స్‌పోర్టు ఆటో ఇస్రాయేలు వచ్చాడు. "పెద్దమ్మా, హైదరాబాద్ నుంచి నూనె డబ్బా వొచ్చింది, సంతకం పెట్టు" అన్నాడు. నాకు ఒక్కపొద్దు. మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకున్న ఇల్లు మాది. శనివారం నాడు నూనె మా గడప దాటి లోపలికి రాదు. అమ్మ ఉన్నప్పుడూ రాలేదు.

"రేపు తే నాయనా" అన్నాను.

"రేపు ఐతారం, ఆఫీసు బంద్."

"అయితే ఎల్లుండి తే."

తల ఊపి వెళ్లాడు. 'తీసుకోలేదు' అని కాగితం మీద రాసి సాయంత్రం లారీలోనే దాన్ని తిప్పి పంపేస్తారని నాకేం తెలుసు?

తమ్ముడు సుదర్శన్ తల పట్టుకున్నాడు. "అక్కా, అది తినే నూనె కాదు. దీపం నూనె గూడ కాదు. బంతాట లేన్ మీద పోసేది."

"నూనెనే గదా?"

"నూనెనే. గని నూనె కాదు."

వాడికే తెలియదు అదేమిటో.

దీపావళి వారం లారీ రాదట. ఇక పదిహేడునే. చూశాను. పదిహేడు కూడా శనివారమే.

4 నవంబరు, ఆదివారం.

నిద్రలేవగానే అదే గొడవ. ఒకసారి రాసి పక్కన పెడితే మనసు కుదురుతుందేమో.

హైదరాబాదులో బౌలింగ్ అని, బరువు బంతి దొర్లించి అవతలి కొసన నిలబెట్టిన పది పిన్నులు పడగొట్టే ఆట ఆడించే చోట సుదర్శన్ ఏడేళ్లు మెకానిక్‌గా చేశాడు. రెండేళ్ల కింద వాళ్లు బంతి దొర్లే పాత చెక్క లేన్లు తీసేసి కొత్తవి వేసుకున్నారు. వీడు ఆ పాతవాటిలో రెండు పట్టుకొచ్చాడు. పలక పలకకీ సుద్దముక్కతో నంబరు వేసి, లారీలో. ఇంటి వెనక పల్లికాయల గోదాంలో వాటిని మళ్లీ పరిచాడు. పిన్నులు నిలబెట్టే మిషన్ రాలేదు, ఆ పని మా పనివాడు బాలయ్య చేస్తాడు. నూనె పూసే మిషన్ రాలేదు, అది సుదర్శన్ చేస్తాడు. రోజూ పొద్దున స్నానం చేసి, తలకు తువ్వాల చుట్టుకొని, గుడ్డ చుట్టిన కర్రతో అరవై అడుగుల లేన్‌లో ముందు నలభై అడుగులు పూస్తాడు. చివరి ఇరవై వదిలేస్తాడు. ఆ శ్రద్ధలో సగం దేవుడి మీద పెట్టి ఉంటే నాకు ఇంకేం కావాలి?

వాడి బిడ్డ సింధూజ ఆడుతుంది. సరదాకు కాదు. డిసెంబరు తొమ్మిదిన హైదరాబాదులో రాష్ట్రం జట్టుకు సెలక్షన్లు. ఆడపిల్లల్లో నలుగురిని తీసుకుంటారు. జనవరితో దానికి జూనియర్ల వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు. రెండేళ్లుగా ఆ పిల్ల మణికట్టుకు గుడ్డ చుట్టుకొని తిరుగుతోంది. అన్నం కూడా ఎడమ చేత్తో తినబోతే నేనే కసిరాను.

ఇంకా ముప్పై అయిదు రోజులు. నూనె లేదు. కారణం నేనట.

6 నవంబరు, మంగళవారం.

మిగిలిన నూనె సన్నగా పూశాడు. వాడు అరిచాడు. సింధూజ అరిచింది. నేను లేచి వంటింట్లోకి వచ్చాను.

7 నవంబరు.

జపానికి గోదాంలో కుర్చీ వేసుకున్నాను. అక్కడ చల్లగా ఉంటుంది. ఆట చూడటానికి కాదు.

9 నవంబరు, దీపావళి.

దీపాలు పెట్టుకుంటుంటే సుదర్శన్ నా నువ్వుల నూనె సీసా వైపు చూశాడు. సీసా లోపల పెట్టి తాళం వేశాను.

ఎదురింటి కిష్టమ్మ నవ్వింది. "పల్లినూనె పొయ్యి తమ్మీ. ఆట అయినంక అండ్లనే మిర్చీలు గూడ ఏసుకుందాం."

ఎవరూ నవ్వలేదు. నాకు వచ్చింది, ఆపుకున్నాను.

12 నవంబరు, సోమవారం.

మాల తిప్పుతూ చూస్తే ఒకటి కనబడింది. కళ్లు మూసుకునే చేస్తాను. మధ్యలో తెరుచుకున్నాయి.

నూటెనిమిది పూసల మాల ఒకటి అయ్యేసరికి సింధూజ పదిహేను బంతులు వేస్తుంది, దాదాపు ఒక ఆట. మొదటి మాలంతా బంతి కుడి పక్కనుంచి జారుతూ పోయి, చివర్లో ఎడమకు తిరిగి, ముందు పిన్నుకు దాని పక్క పిన్నుకు మధ్యలో దూరుతుంది. అన్నీ పడతాయి. రెండో మాలలోనూ అంతే, కాస్త అటూ ఇటూ. మూడో మాల మొదలయ్యేసరికి అదే పిల్ల, అదే చోటు, అదే విసురు. బంతి మాత్రం ముందే తిరుగుతుంది. ముందు పిన్ను మొహం మీదికే పోతుంది. అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి మిగులుతాయి. పళ్లూడిన నోరు మాదిరి.

"మణికట్టు తిప్పుతున్నవ్!" అని సుదర్శన్.

"తిప్తలేను నాన్నా!"

"తిప్పకుంటే బంతి గట్లెందుకు పోతది? నూనె నేను పూసిన. అద్దం లెక్క పూసిన."

మరునాడు కూడా లెక్కపెట్టాలి అనుకున్నాను. జపం లెక్క వేరు, ఇది వేరు. స్వామి క్షమించాలి.

13 నవంబరు.

మూడో మాలకే.

14 నవంబరు, బుధవారం.

మూడో మాలకే.

బాలయ్యను అడిగాను. లేన్ అవతలి కొసలో పిన్నుల వెనక స్టూలు మీద కూర్చుంటాడు. వచ్చే బంతిని వాడికన్నా దగ్గరగా చూసేవాళ్లు లేరు.

"పెద్దక్కా, నూనె సంగతి నాకు తెల్వదు. బంతి యాడికొస్తదో నా మోకాలుకు తెల్సు. పొద్దుగాల వేస్తే ఎడమ మోకాలు దిక్కు వొస్తది. ఆట ముదిరినంక కుడి మోకాలు. నేను స్టూల్ జరుపుకుంట. గంతే."

"సుదర్శన్‌కు చెప్పలేదా?"

"చెప్తే ఇంటడా? నీ తమ్ముడు గదా."

ఆ 'నీ' మీద బరువెందుకో నాకు అర్థం కాలేదు.

లేన్ మీద వంగి వేలు పెట్టి చూశాను. బంతులు పోయే దారిలో పలక పొడిగా ఉంది. దానికి జానెడు ఎడమన వేలికి ఇంకా జిడ్డు తగిలింది. అంతే సంగతి. నూనె మీద బంతి జారుతుంది, పొడి చోట పట్టుకుని తిరుగుతుంది. పోయిన ప్రతి బంతీ కాస్త నూనె తుడుచుకుపోతుంది. పిల్ల ఒక్కచోటే నిలబడి ఒక్కదారినే వేస్తే ఆ దారిలో నూనె అయిపోతుంది. అది జానెడు ఎడమకు జరిగితే చాలు.

రాత్రి అన్నం పెడుతూ సుదర్శన్‌కు చెప్పాను. మూడు మాటలే. "నూనె పోతుంది. జరగనీ."

"అక్కా, నీకు తెల్వదు. సిటీల మిషన్ తోని పోస్తరు. ఏడేండ్లు చూసిన. అక్కడ జరిగే పనే ఉండది. ఈడ జరుగుడు అలవాటైతే అక్కడ పోయి ఆగమైతది."

"నువ్వు అక్కడ ఎన్నిసార్లు ఆడావు?"

వాడు రొట్టె తుంచుకున్నాడు. ఏడేళ్లు నూనె పోశాడు. పోటీలో ఒక్క బంతి వేసినవాడు కాదు.

మరదలు గీత మొగుడికి ఇంకో రొట్టె వేసి, "తిననీ వదినా" అంది. నేనెప్పుడు తినొద్దన్నాను?

17 నవంబరు, శనివారం.

ఇస్రాయేలు వచ్చాడు. గేటు బయటే నిలబడి, డబ్బా భుజం మీద పెట్టుకొని, "పెద్దమ్మా, ఇయ్యాల గూడ శనివారమే. నేనేం జెయ్య?" అన్నాడు. వెనకనుంచి సింధూజ నా మొహమే చూస్తోంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్నేమో.

ఇంటి గడప దాటరాదు, నిజమే. గోదాముకు వెనక సందులోంచి వేరే షట్టరు ఉంది. గోదాం ఇల్లు కాదు. అందులో పొయ్యి లేదు, దేవుడి పటం లేదు. అమ్మ ఉన్నా ఇదే అనేది.

అమ్మ అనేది కాదు. అయినా డబ్బాను వెనక షట్టరుకే పంపాను. సాయంత్రం ఇంకో రెండు మాలలు ఎక్కువ చేశాను.

18 నవంబరు, ఆదివారం.

వనపర్తి నుంచి శ్రవణ్ కుమార్ సారు వచ్చాడు. పాలిటెక్నిక్‌లో చెబుతాడు. నెలకో ఆదివారం మోటారుసైకిల్ మీద వచ్చి ఆడి పోతాడు. కొత్త నూనె, నిండుగా పూశాడు సుదర్శన్. ఇప్పుడు చూడు అన్నట్టు నా వైపు చూశాడు.

మొదటి రెండు ఆటలు సింధూజ గెలిచింది. తరువాత మూడూ సారు గెలిచాడు. ఆయన ఆటకు రెండు పలకలు ఎడమకు జరుగుతూ పోయాడు. ఇది మేకులా ఒక్కచోటే. నిండుగా పూసినా మూడో మాలకే తేడా వచ్చింది.

పోతూ పోతూ సారు షూ విప్పుకుంటూ అన్నాడు. "సుదర్శనన్నా, మీ పాప చెయ్యి బంగారం. కాళ్లకేమైనా సిమెంట్ పోసినవా?"

అందరూ నవ్వారు. సుదర్శన్ నవ్వలేదు. సింధూజ అసలే నవ్వలేదు.

సారు వెళ్లాక అది అరవకుండా తండ్రికి ఎదురు చెప్పింది. "నేను జరుగుత నాన్నా. రేపటి సంది జరుగుత."

"ఎట్ల జరుగుతవో నేనూ చూస్త."

19 నవంబరు.

పొద్దున పూజ మధ్యలో సుత్తి చప్పుడు.

గోదాంలో పిల్ల నిలబడే చోటికి ఎడమ పక్కన, నేల మీద పొడుగ్గా రీపరు కర్ర పెట్టి మేకులు కొట్టాడు. కాలు ఎడమకు పోతే తగలాలని. పశువుకు మెడలో కట్టె కడతారు చూడు, చేలో పడకుండా. ఇది కాలికి.

సింధూజ చూసింది. బంతి కింద పెట్టింది. బ్యాగు సర్దుకుంది. మధ్యాహ్నం బస్సుకు నాగర్‌కర్నూలు వెళ్లిపోయింది, గీత పుట్టింటికి. గీత వాకిట్లో నిలబడి ఒకసారి మొగుడిని, ఒకసారి నన్ను చూసింది. నేనేం చేశాను?

20 నవంబరు.

ఇరవై రోజులు కూడా లేవు.

21 నవంబరు, బుధవారం.

సుదర్శన్ పొద్దున నూనె పూశాడు. ఆడేవాళ్లు లేరు. సాయంత్రం దాకా అది అలాగే మెరుస్తూ ఉంది. బాలయ్య స్టూలు మీద కునికిపాట్లు పడ్డాడు. ఎవరూ ఆడకపోతే నూనె ఎక్కడికీ పోదని నేను తమ్ముడితో అనలేదు. అనాలనిపించింది. నోరు మూసుకున్నాను. ప్రార్థన ఫలితం అంటే ఇదేనేమో.

22 నవంబరు.

గోదాంలో రీపరు ఊడిపోయి ఉంది. పాత మేకులు.

23 నవంబరు, శుక్రవారం.

నిన్న అబద్ధం రాశాను. నా డైరీలో నేనే.

నేనే పీకాను. తెల్లవారుజామున, సుప్రభాతం అయ్యాక. కొబ్బరికాయలు కొట్టే ఇనుప కడ్డీ సందులో దూర్చి లేపితే మొదటి మేకు రాలేదు. పీట తెచ్చుకొని కూర్చుని లేపాను. ఆరు మేకులు. వాడు ఏ పనైనా గట్టిగానే చేస్తాడు, చిన్నప్పటినుంచీ అంతే. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. కాగితం మీద అక్షరాలు కూడా వెనకకు అచ్చు పడేంత గట్టిగా దిద్దేవాడు. కాస్త మెల్లగా దిద్దరా అని నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను? నలభై ఏళ్లుగా చెబుతున్నాను.

మేకుల గుంటల్లో లక్క పోసి నునుపు చేశాను. కాలికి గుచ్చుకోకూడదు కదా.

24 నవంబరు.

ఒక్కపొద్దు. నాగర్‌కర్నూలుకు ఫోన్ చేశాను. "కర్ర పోయింది" అన్నాను. అంతే. సింధూజ, "నాన్న తీసిండా?" అంది.

శనివారం అబద్ధం ఆడలేను. "లేదు" అన్నాను.

"ఫస్ట్ బస్సుకు వొస్త పెద్దత్తా."

25 నవంబరు, ఆదివారం.

వచ్చింది. వచ్చీ రాగానే గోదాంలోకి పోయింది. సుదర్శన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరు పీకింరు దాన్ని?"

బాలయ్య పిన్నుల వెనకనుంచి, "నేను కాదు సామీ" అన్నాడు. ఎవరూ వాడిని అడగలేదు.

"నేను" అన్నాను.

వాడు నన్ను అలా చూడటం ఎప్పుడూ చూడలేదు. కోపం కాదు. తొమ్మిదేళ్ల వాడి మొహం అది.

"నేను చెడగొడ్తున్ననా అక్కా దాన్ని? నా బిడ్డను నేనే చెడగొడ్తనా?"

జవాబు ఉంది. ఇచ్చి ఉండాల్సింది. 'లేదు తమ్మీ, నీకు భయం' అని. సెలక్షన్‌లో పిల్ల ఓడితే నూనె పూసిన తన చెయ్యే ఓడినట్టని వాడి భయం. ఇది ఇప్పుడు, రాస్తుంటే తట్టింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది వేరు. "మూడో మాలకు నూనె పోతుంది, నువ్వే లెక్కపెట్టుకో" అన్నాను.

"సరే. నువ్వే కోచ్‌వు. నువ్వే పట్టుకపో హైదరాబాద్. నేను రాను."

రాను అన్నాడంటే రాడు. మా ఇంటి రక్తం.

28 నవంబరు.

సింధూజ జరుగుతోంది. మొదట ఒక్కసారే చాలా జరిగి రెండు బంతులు లేన్ పక్క కాలువలో పడేసింది. తరువాత ఒక్కో పలకే. నేను మాల తిప్పుతాను. అది వేస్తుంది.

సుదర్శన్ గోదాంలోకి రావడం లేదు. పొద్దున నూనె మాత్రం పూసి పోతున్నాడు. ముందుకన్నా శ్రద్ధగా.

2 డిసెంబరు, ఆదివారం.

ఇద్దరి మధ్య నేను ఉత్తరాలు మోసే మనిషినయ్యాను. "నాన్నను అడుగు, పెద్ద బంతి తీసుకపోవాల్నా?" "దానికి చెప్పు, రెండూ తీసుకపొమ్మని." ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు.

5 డిసెంబరు.

మోకాళ్ల నొప్పి. ఎవరికీ చెప్పలేదు. చెబితే గీత వస్తానంటుంది, అప్పుడు సుదర్శన్‌కు అన్నం ఎవరు పెడతారు?

8 డిసెంబరు, శనివారం. హైదరాబాద్.

పొద్దుటి రైలుకు వచ్చాం. రెండు బంతుల సంచి ఒకటి. మూడేళ్ల పిల్లాడంత బరువుంది. స్టేషన్‌కు సుదర్శన్ రాలేదు. బాలయ్య మోశాడు. "పెద్దక్కా, బంతి నా కుడి మోకాలు దిక్కు వొస్తే జరగమను" అని పిల్ల వినేటట్టే నాకు చెప్పాడు.

సత్రంలో దిగాం. ఒక్కపొద్దు పాలు, అరటిపండుతో గడిచింది. పిల్లకు నిద్ర పట్టింది. అది చాలు.

9 డిసెంబరు, ఆదివారం.

కార్తీకం ఆఖరు. తెల్లవారి దీపం పెట్టి బయలుదేరాం.

లోపలికి పోగానే నా మాల లెక్క పోయింది. అది ముందు రాయాలి.

ఒక్కో లేన్ మీద అయిదారుగురు ఆడపిల్లలు. అందరి బంతులూ అవే పలకల మీద. వెనక కూర్చున్నవాళ్లు మాట్లాడరాదు, చెయ్యి ఊపరాదు అని మొదటే చెప్పారు. పోటీ నడిపించే ఎర్ర కోటు ఆయన నా మాల చూసి, "అది పర్వాలేదమ్మా" అన్నాడు. ఇరవై నలుగురు పిల్లలు. ఆరు ఆటలు. మొత్తం పిన్నులు లెక్కేసి నలుగురు.

మిషన్ పోసిన నూనె, నిజంగానే అద్దం. సుదర్శన్ చెప్పింది నిజమేమో, నేనే పిల్లను పాడుచేశానేమో అని మొదటి ఆటంతా భయపడుతూనే పూసలు తిప్పాను. సింధూజ మొదటి ఆటలో మూడోది. హమ్మయ్య అనుకున్నాను. మూడో మాల దాకా భయం లేదు.

రెండో ఆట సగానికే ఒక పిల్ల బంతి ముందు పిన్ను మొహం మీదికి పోయింది. తరువాత ఇంకో పిల్లది. మా గోదాంలో ఒక్కతే ఆడుతుంది కాబట్టి మూడో మాల. ఇక్కడ ఆరుగురు తుడుస్తున్నారు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? నెల రోజులు కూర్చుని పూసలు లెక్కపెట్టాను, మూడు మూడు అని పిల్ల చెవిలో పోశాను. వాడు నేలకు రీపరు కొట్టాడు. నేను పిల్ల తలకు కొట్టాను.

సింధూజ వంతు. బంతి తుడుచుకుంటోంది. పాత చోటుకే పోతే ముందు పిన్ను మీదికే. నేను లేచి నిలబడ్డాను. మాట్లాడరాదు. చెయ్యి ఊపరాదు. ఎర్ర కోటు ఆయన నా వైపే చూస్తున్నాడు. అది నా వైపు చూస్తే కళ్లతోనైనా చెబుదాం అనుకున్నాను.

అది నా వైపు చూడలేదు.

పలకలు చూసుకుంది. పక్క పిల్ల బంతి ఎక్కడ తిరిగిందో చూసింది. రెండు పలకలు ఎడమకు జరిగి నిలబడింది. వేసింది. పదీ పడ్డాయి.

నేను కూర్చున్నాను. మాల సంచిలో పెట్టేశాను. దానికి నా పూసలతో పని లేదు, ఎప్పటినుంచి లేదో.

తరువాతి ఆటల్లో ఎప్పుడు జరిగిందో సరిగా చెప్పలేను, అయిదో ఆటలో ఒకసారి ఎక్కువ జరిగి రెండుసార్లు దెబ్బతింది, ఆరో స్థానానికి పడిపోయింది, నా పక్కన కూర్చున్న ఒక తల్లి "అయ్యో" అంది నన్ను చూసి, నేను నవ్వడానికి చూశాను కానీ మొహం కదల్లేదు. ఆఖరి ఆటలో ఒక పలక వెనక్కి వచ్చింది. వెనక్కి కూడా రావచ్చని మేమెవరం దానికి నేర్పలేదు.

బోర్డు మీద పేర్లు వేశారు. నాలుగో పేరు సింధూజ. అయిదో పిల్లకూ దీనికీ తేడా నాలుగు పిన్నులు.

పిల్ల నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. అందరూ చూస్తున్నారు. చూడనీ.

ఏడుపు ఆగాక, "నాన్నకు నువ్వే చెయ్యి పెద్దత్తా. నేను చేస్తే మల్ల ఏడుస్త" అని సెల్ ఇచ్చింది.

ఒక్క రింగుకే ఎత్తాడు. పొద్దుటినుంచి చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడని తరువాత గీత చెప్పింది.

"ఏమాయె అక్కా?"

"తీసుకున్నరు. నాలుగోది."

వెనక గీత, "ఏమంటున్నరు? జర చెప్పు" అంటోంది. బాలయ్య గొంతు కూడా వినబడింది, ఆదివారం వాడికి అక్కడేం పనో.

"అక్కా."

"చెప్పు తమ్మీ."

"మొత్తం ఎన్ని పలకలు జరిగింది?"

ఈ మాట కోసం నెల రోజులు. రీపరు, సుత్తి, ఆరు మేకులు, నాగర్‌కర్నూలు. నిదానంగా చెప్పాను.

"ఏడు."

"ఏడేనా?" అన్నాడు. కాసేపు లెక్క వేసుకున్నట్టున్నాడు. "నేనైతే తొమ్మిది జరుగుతుంటి. ఇంగో ఇరవై పిన్నులు వొస్తుండె."

ఫోను పిల్ల చేతికిచ్చి మంచినీళ్ల కోసం బయటికి వచ్చాను.

తొమ్మిదట.